కోలారు గనులును శిలాబలశాస్త్రమును

ఈ సంవత్సరపు మహాసభా సంచికకు చారిత్రక వ్యాసమొకటి వ్రాసి యిండని సంఘ కార్యదర్శిగారు మమ్ము కోరిరి. ఇట్టి సంచికలయందు గోత్రములు, ప్రవరలు, పూర్వపు దానశాసనములు, విద్యార్థి వసతిగృహములు స్థాపించిన దాతల చరిత్రములు వ్రాయుట వాడుక. అవి యెల్ల మాకంటె బాగుగ నెఱిగినవారు వ్రాసియున్నారు. పాకాల ప్రాంతపు కుటుంబములలో నొక తరము వారికి కంఠస్థమై, తరువాతి తరమునకు సగము తెలిసి, నేటి పిల్లలకు బొత్తిగా తెలియకుండ పోయిన యొక విషయమును మేము గైకొంటిమి. గనులలో భూమి యెందుకు విఱుగును, ఎప్పుడు విఱుగును అని విచారించు శాస్త్రము, ఆ శాస్త్రమునే జీవితవృత్తిగా చేసికొనిన ఆచార్యుల చరిత్రము మా విషయము. దీనిని శిలాబలశాస్త్రమని పిలుతము. ప్రభుత్వపు కాగితములలో శిలాయాంత్రిక శాస్త్రమని యుండును. మేము నలువది సంవత్సరములకు దగ్గఱగా బడిపిల్లలకు సంస్కృతాంధ్రములు చెప్పినవారము గాని యింజనీర్లము కాము. చదువరులు మా పొరపాటులు క్షమింతురుగాక.

పాకాలకును గనులకును సంబంధమేమని యడుగువారు మొదట రైలుబండి మార్గము చూడవలెను. ధర్మవరమునుండి వచ్చు మీటరుగేజి దారియు, కాట్పాడినుండి తిరుపతికి పోవు దారియు మన పాకాల జంక్షనులో కలిసెడివి. (ధర్మవరపు దారిని 2010లో పెద్దగేజికి మార్చిరి.) వాన కురియని యేట, చెఱువు నిండని యేట, ఈ చుట్టుప్రక్కల గ్రామముల పడుచువాండ్రు మూటముల్లె కట్టుకొని పాకాలలో బండి యెక్కి, కాట్పాడిలో దిగి పెద్దబండి పట్టి, జాలారుపేట మీదుగా బౌరింగుపేట చేరి, అచ్చటినుండి 1894లో వేసిన చిన్న శాఖాదారిని మారికుప్పము పోయెడివారు. మారికుప్పము రైలునకు చివర, గనికి మొదలు. నాడు చిత్తూరు, చంద్రగిరి తాలూకాలు ఉత్తరార్కాటు జిల్లాలోనివి. చిత్తూరు జిల్లా వేఱుపడినది 1911లో. కావున గనుల పాతలెక్కలలో "ఉత్తరార్కాటు కూలీలు" అనిన చోట తమిళులతోపాటు మనవారును కలరని గ్రహింపవలెను.

ఇచ్చట నొక నిజము చెప్పక తప్పదు. సంఘపు పుస్తకమనగానే ప్రతి ఘనతయు మన కులమునకే కట్టిపెట్టు నభ్యాసము పెరిగినది. కోలారు గనుల లోతులకు దిగినవారిలో మనవారు కొందఱే. అధికసంఖ్య తమిళదేశపు ఆదిద్రావిడులది. అత్యంత ప్రమాదమైన పని వారిపై పడెను. అత్యధికముగ చనిపోయినవారును వారే. మనవారి నష్టమును చెప్పుకొనునపుడు దానిని మఱచుట ధర్మము కాదు.

మా యింటి మాట. మా పితామహుని కడగొట్టు తమ్ముడు, మేము చిన్నతాత యని వినియేగాని చూడనివాడు, 1930కిని 1940కిని నడుమ నొక వేసవిని కోలారునకు పోయెను. మూడేండ్లు దీపావళికి వచ్చెను. నాలుగవ యేట తంతి వచ్చెను. తంతిని పాకాల స్టేషనునుండి మా యూరికి చేతబట్టుకొని తెచ్చిన మనుష్యునికి చదువు రాదట; లోపల నేమున్నదో తెలియక పండుగ కబురేమోయని బెల్లము పెట్టుమనెనట. చిన్నవ్వ మా బాల్యమువఱకు జీవించియుండెను. తాత యెట్లు పోయెనని మే మడిగినపుడెల్ల ఆమె "భూమి దగ్గిందంట నాయనా, అంతే" అని మాత్ర మనెడిది. శవము పైకి వచ్చినదో లేదో ఆమెకును తెలియదు. భూమి దగ్గుటయన నేమో మాకు తెలియుటకు మఱి ముప్పది యేండ్లు పట్టెను.

కోలారు బంగారమునకు ప్రాచీనపు త్రవ్వకములు చాల కలవు. నూతన యుగములో మైకేల్ లవెల్ అను నైరిష్ సైనికుడు 1875లో మైసూరు సంస్థానముచే అనుమతి పొందెను. 1880లో జాన్ టెయిలర్ అండ్ సన్స్ అను లండను సంస్థ చేయి వేసిన పిమ్మట పని పుంజుకొనెను. 1902లో శివసముద్రపు జలపాతమునుండి విద్యుచ్ఛక్తి వచ్చెను. బంగారపు పట్టె ఏటవాలుగా క్రిందికి దిగుచుండుటచే గనులును దానివెంట దిగెను. చాంపియన్ రీఫ్ గని తుదకు సుమారు 10,500 అడుగుల లోతు చేరెను. అంత లోతున రాయి తాకిన చేయి కాలును. అచ్చటి శిల యుష్ణము 150 ఫారన్‌హీటు డిగ్రీల దరిదాపున నుండెడిది.

వేడిమికంటె ఘోరమైనది భారము. రాయి నీటికంటె రెండుంబావు మొదలు మూడింతల వఱకు బరువు. ఒక్కొక్క అడుగు లోతునకు చదరపు అంగుళముపై సుమారు 1.17 పౌనుల బరువు పెరుగును. 10,000 అడుగుల క్రింద ప్రతి చదరపు అంగుళము మీదను 5 టన్నులకు పైబడిన భారము నిత్యము కూర్చుండియుండునని లెక్క. గని త్రవ్వకపూర్వము ఆ భారమును శిల యంతయు కలిసి మోయును. ఖనిజము తీసినచోట ఖాళీ యేర్పడగానే, ఆ ఖాళీ మోయవలసిన పాలు ప్రక్కనున్న శిలపై పడును. సగము తీసి సగము కంబములుగా నిలిపితిమా, ఆ కంబములపై భారము రెట్టింపగును. మెత్తని రాయి యైనచో నెమ్మదిగా నలిగి, చప్పుడు చేసి, మనిషికి పరుగిడ నవకాశమిచ్చును. కోలారు శిల మిక్కిలి కఠినము, పెళుసు. అది ఎక్కుపెట్టిన వింటివలె శక్తిని లోపల దాచుకొని, కడవఱకు కదలక, ఒక్క క్షణమున పగులును. అపుడు టన్నులకొలది రాళ్ళు సొరంగములోనికి ఎగిరివచ్చును. గాలి తఱుమబడి దీపము లార్పును. పైనున్న ఊళ్ళలో గిన్నెలు గలగల లాడును. ఆంగ్లేయులు మొదట దీనికి గాలిదెబ్బ యని పేరు పెట్టిరి. గాలి కార్యమే గాని కారణము కాదు. తరువాతి వారు రాక్‌బర్స్ట్ అనిరి, మనము శిలాస్ఫోటమనవచ్చును. చిన్నవ్వ చెప్పిన దగ్గు ఇదియే.

ఈ దగ్గును శాస్త్రదృష్టితో పరిశీలించి మన పొరుగున మొదట పుస్తకము వ్రాసినవాడు మైసూరు సంస్థాన భూగర్భశాస్త్రజ్ఞుడగు డబ్ల్యు. ఎఫ్. స్మీత్. మైసూరు భూగర్భశాఖ 1894లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ క్రింద ఏర్పడెను. దాని ప్రచురణగా 1904లో స్మీత్ కోలారు గనుల గాలిదెబ్బలను ప్రకంపనములను గుఱించిన గ్రంథము వెలువడెను. దక్షిణాఫ్రికాలో జొహనెస్‌బర్గు బంగారు గనుల యదురుపాటులను విచారింప ప్రభుత్వ సంఘము కూర్చుండినది 1908లో. ప్రపంచములో ఈ విద్య కన్ను తెఱచినది ఎక్కడనని ఎవరైన నడిగిన, పాకాలనుండి ఒక రాత్రి ప్రయాణపు దూరములోనని చెప్పుటలో అతిశయోక్తి చాల లేదు.

ప్రసంగవశమున నొక మాట. స్మీత్ పుస్తకము వెలువడిన మఱుసటి యేడే, అదే మైసూరు సంస్థానములో, ప్రాచ్యపుస్తకాలయమున రుద్రపట్నము శామశాస్త్రిగారికి కౌటిల్యుని అర్థశాస్త్రపు తాళపత్రప్రతి కంటబడెను, 1909లో అచ్చయ్యెను. అందు ఆకరాధ్యక్షుడను నధికారి కలడు. ధాతువులను గుర్తించు విద్య, కరగించు విద్య, రత్నముల వన్నె తెలియు విద్య అతనికి కావలెనని కౌటిల్యుడు విధించెను. అమరసింహుడు ఖనికిని ఆకరమునకును పర్యాయత్వము చెప్పెను. లక్కయింటి కథలో విదురుడు పంపిన ఖనకుడు సొరంగము త్రవ్వి పాండవులను దాటించెను. ఇన్ని చదివియు మాకు కనబడని దొక్కటి కలదు: పైకప్పు కూలకుండ నెట్లు కాపాడవలెనను విచారము. ఖనకుని సొరంగము కూలలేదు గనుక కవికి చెప్పుట కేమియు లేకపోయెను. కూలినచోటనే ఈ శాస్త్రము పుట్టును.

కోలారులో కూలినచో టెంతయో కలదు. మొదట కట్టెదుంగలతో ఊతలు పెట్టిరి. అవి నలిగిపోయినందున చెక్కిన నల్లరాళ్ళతో గోడలు కట్టి ఖాళీని నింపిరి. మేస్త్రీలు పైన గుడిగోడ కట్టినట్లే లోపల కట్టెడివారట. ఆ రాళ్ళు చెక్కిన వడ్డెవారిలో మన సీమవారు చాలమంది కలరని పెద్దలు చెప్పెడివారు. రాతిగోడ యెంత బాగుగ కట్టినను సందులు ఉండును; భారము పడి అది బిగిసికొనువఱకు పైశిల క్రిందికి కదలుచుండును; ఆ కదలికయే అనర్థమునకు మూలమని క్రమముగ తెలిసికొని, తరువాతి కాలమున ఖాళీలను కాంక్రీటుతో నింపిరి. స్ఫోటములు తగ్గెను. రాతికంటె కాంక్రీటు బలమైనదగుటచే ఈ మేలు కలుగలేదు; అది సందు లేకుండ నిండుటచే కలిగెను. ఈ చిన్న భేదము కనుగొనుటకు ఎందఱు చనిపోవలసివచ్చెనో యూహింపుడు. కోలారు సమస్యలపై పరిశోధన చేసిన ఐజక్సన్ 1958లో గనులలోని శిలాపీడనమును గుఱించి లండనులో గ్రంథము ప్రకటించెను. ఆనాటికి ఈ విషయముపై పుస్తకములు వ్రేళ్ళపై లెక్కింపవచ్చును.

అక్కడినుండి ఈ విద్య విశ్వవిద్యాలయములకు ఎక్కెను. ఎక్కిన తీరు చెప్పుటకు ఒక్క కథ చాలును. 1960 జనవరి 21న దక్షిణాఫ్రికాలో కోల్‌బ్రూక్ అను బొగ్గుగనిలో కంబములు ఒకదానివెంట నొకటి కూలి 435 మంది లోపల మిగిలిపోయిరి. కంబ మెంత లావుండిన నెంత భారము మోయునో ఎవరికిని నిశ్చయముగ తెలియదని అపుడు బయలుపడెను. హంగేరి దేశమునుండి వచ్చిన మిక్లోష్ సాలమన్ అను పండితుడు, మన్రో యను సహాయునితో, దీనిని తేల్చుటకు పూనుకొనెను. చిన్న బొగ్గుముక్కను ప్రయోగశాలలో నలిపి చూచిన చాలదు. చిన్నముక్క బలమును పెద్దకంబమునకు ఆరోపించుట ప్రమాదము. కావున వారు గనులనే ప్రయోగశాలలుగా జేసికొని 125 చోట్ల కంబముల కొలతలు తీసిరి. అందు 98 నిలిచినవి, 27 కూలినవి. రెంటిని కలిపి గణించి 1967లో కంబబల సూత్రము ప్రకటించిరి. కంబపు వెడల్పు పెరిగిన బలము పెరుగును గాని ఆ నిష్పత్తిలో పెరుగదు. ఎత్తు పెరిగిన బలము తగ్గును అని దాని సారము. సాలమన్ తరువాత అమెరికాలో కొలరాడో గనుల విద్యాలయమున ఆచార్యుడయ్యెను.

ఇందు మాకు మిక్కిలి నచ్చినది ఆ 98. కూలినవానిని లెక్కించుట ఎవరైన చేయుదురు. విచారణసంఘములు చేయునది అదియే. నిలిచినవానిని గూడ అదే శ్రద్ధతో కొలుచుటచేతనే కూలుటకును నిలుచుటకును నడుమ గీత యెచ్చట నున్నదో తెలిసెను. ఉపాధ్యాయులమగు మాకు ఇది పరిచితమే. తప్పిన విద్యార్థి కాగితములు మాత్రమే చూచినవానికి పాఠము యెచ్చట చెడినదో తెలియదు.

మన దేశమున ధన్‌బాదులో గనుల విద్యాలయము 1926లో తెఱవబడెను. అదే యూర కేంద్ర గనుల పరిశోధనాలయము 1956లో. కోలారు గనులు 1956లో మైసూరు ప్రభుత్వమునకును, 1962లో కేంద్రప్రభుత్వమునకును చేరెను. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ అను పేరు వచ్చెను. 1978లో భాభా అణుపరిశోధనా కేంద్రమువారి సాయముతో చాంపియన్ రీఫ్ గని లోపల ప్రకంపనములను వినెడి పరికరముల వల పన్నబడెను. అంతకుమున్నే, మన అనంతపురపు సరిహద్దున గౌరిబిదనూరులో ఆ కేంద్రమువారు 1965లో నెలకొల్పిన భూకంపశాలకు కోలారు స్ఫోటములు వినబడుచుండెడివి. పరదేశముల అణుపరీక్షలను వినుటకు పెట్టిన చెవికి ఇంటి గోడ పగులుటయు వినబడెనన్నమాట. 1965లోనే ఆ గని లోతున, పైశిల యడ్డుగా నుండుటను ఉపయోగపఱచుకొని, టాటా సంస్థ శాస్త్రజ్ఞులు జపాను, ఇంగ్లండు సహచరులతో న్యూట్రినో యను సూక్ష్మకణపు జాడను పట్టిరి. అది వేఱుకథ.

పిమ్మట 1988లో కోలారు గనులలోనే జాతీయ శిలాయాంత్రిక సంస్థ స్థాపింపబడెను. గని తన చావుల ననుభవించి కూడబెట్టిన జ్ఞానమును దేశపు ఇతర గనులకును, ఆనకట్టలకును, సొరంగములకును పంచుట దాని పని.

ఇపుడు మేము ముఖ్యముగ చెప్పదలచిన మనుష్యునికి వచ్చితిమి. వి. వేంకటేశ్వర్లు అను పరిశోధకుడు ధన్‌బాదు గనుల విద్యాలయమున 1986లో డాక్టరు పట్టమునకు సిద్ధాంతవ్యాసము సమర్పించెను. బొగ్గుగనుల పైకప్పు శిలలను తరగతులుగా విభజించి, ఏ తరగతికి ఎంత ఊత కావలెనో నిర్ణయించుట దాని విషయము. 1989లో ఆయన, ఆచార్య ఎ. కె. ఘోష్, ఎన్. ఎం. రాజు మువ్వురును కలిసి ఆ విధానమును అంతర్జాతీయ పత్రికలో ప్రకటించిరి. తరువాత వేంకటేశ్వర్లుగారు శిలాయాంత్రిక సంస్థకు సంచాలకులైరి.

బొగ్గుగని సంగతి బంగారుగనికి భిన్నము. మన తెలుగుదేశమున సింగరేణి యట్టిది. విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు 1871 ప్రాంతమున గోదావరి లోయలో బొగ్గును గుర్తించెను. ఇల్లందులో 1889 నుండి త్రవ్వకము సాగెను. 1920లో సింగరేణి కాలరీస్ అను పేరు వచ్చెను. ఇట్టి గనులలో కోలారువలె అరుదుగ పెద్దస్ఫోటము రాదు. ప్రతిదినము చిన్నచిన్నగా కప్పు ఊడిపడును. ఒక్కనాడు నలువదిమంది చనిపోయిన పత్రికలు వ్రాయును. నలువది దినములలో నొక్కొక్కరు చొప్పున పోయిన నెవరును వ్రాయరు. మన దేశపు బొగ్గుగనుల మరణములలో కప్పు కూలుట చిరకాలము పెద్దపాలు తీసికొనెను.

కప్పు క్రింద నిలుచుండిన సర్దారు కఱ్ఱతో పైని తట్టి వినును. గట్టిగ మ్రోగిన మంచిది. డొల్లగ మ్రోగిన చెడ్డది. ఇది వేల ప్రాణములు కాపాడిన విద్య; దానిని మేము తక్కువ చేయము. కాని సర్దారు మాఱిన చెవి మాఱును. ఇంజనీరు ముందుగనే ఎన్ని దిమ్మలు, ఎన్ని రూఫ్‌బోల్టులు తెప్పింపవలెనో ఆ చెవి చెప్పజాలదు. వేంకటేశ్వర్లు ప్రభృతులు చేసినది బడిపంతుళ్ళకు వెంటనే బోధపడు పని. వారు కప్పునకు నూటికి మార్కులు వేసిరి.

ప్రశ్నలు ఐదు. పొరల మందమునకు 30 మార్కులు. చీలికలు, నెఱియలు, జారుడుతలములు మొదలగువానికి 25. నీరు తగిలిన రాయి ఎంత చెడునో దానికి 20. రాతి బలమునకు 15. కప్పునుండి కారు నీటికి 10. మేము దీనిని మొదట చూచినపుడు ఆశ్చర్యపడితిమి. రాయి బలమైనదా యనునదే కదా మొదటిప్రశ్న కావలెను? దానికి 15 మార్కులే. బలమైన రాయియైనను పలుచని పొరలుగా నున్న తాటాకులకట్టవలె విడిపోవును. నడిమిరకపు రాయియైనను మందమైన పలకగా నున్న దూలమువలె నిలుచును. ఏ ప్రశ్నకు ఎన్ని మార్కులన్నది ఊహచే గాక, అనేక గనులలో నిలిచిన కప్పులను కూలిన కప్పులను చూచి గణితముచే నిర్ణయించిరి. సాలమన్ 98ని లెక్కించిన బుద్ధియే ఇది.

నీటికి రాయి చెడుట పరీక్షించు పద్ధతియు చిత్రము. కప్పురాతి ముక్కలను వలగోడలు గల డ్రమ్ములో నుంచి, డ్రమ్మును నీట మునుగునట్లు పెట్టి, కొంతసేపు త్రిప్పి, ఆరబెట్టి, మిగిలిన ముక్కల బరువు తూచెదరు. బియ్యము కడిగి నూక చూచినట్లే. మొదట నూరుపాళ్ళుండిన రాయి కొన్నిచోట్ల సగమై వచ్చును. గనిలోనికి వానకాలపు చెమ్మగాలి పోయిన అట్టి కప్పునకు అదే గతి.

మార్కులు కూడిన పిమ్మట తరగతి తెలియును. 20 లోపు మిక్కిలి చెడ్డది. 20 నుండి 40 చెడ్డది. 40 నుండి 60 నడిమిది. 60 నుండి 80 మంచిది. ఆపై మిక్కిలి మంచిది. తవ్వకము కేవలము మందుగుండుతో జరిగిన నూటికి 10 పాళ్ళు తగ్గింపవలెనని విధి. లోతు పెరిగినను తగ్గింపవలెను. ఆ మార్కులనుండి కప్పు ఊతపై మోపు భారమును లెక్కకట్టు సూత్రమును వారిచ్చిరి. మేము కాగితముపై వేసి చూచితిమి. దారి వెడల్పు 4 మీటర్లు, రాయి ఘనమీటరునకు 2.2 టన్నులనుకొందము. 20 మార్కుల కప్పు చదరపు మీటరునకు సుమారు 9.15 టన్నులు మోపును. 40 మార్కులది 4.75. 60 మార్కులది 1.76. ఇరువదినుండి అఱువదికి పోవుసరికి భారము అయిదవవంతైనది. ఊతల ఖర్చును అటులే. మంచికప్పు క్రింద వృథాగ పెట్టిన దిమ్మలను చెడ్డకప్పు క్రిందికి తెచ్చిన, ఖర్చు పెరుగకయే ప్రాణము నిలుచును. యజమాని వినవలెనన్న దయను గుఱించి చెప్పుటకంటె ఈ లెక్క చూపుట మేలు. ఈ విధానము మన దేశపు బొగ్గుగనులలో వాడుకకు వచ్చి నిలిచినది.

ఈ వృత్తిలోని ఆచార్యుని చరిత్రము ఇతర ఆచార్యుల చరిత్రమువంటిది కాదు. వ్యాకరణములో మేము తప్పు చెప్పిన విద్యార్థికి మార్కు పోవును. అంతకుమించి యెవరికిని హాని లేదు. ఇతని సూత్రములో తప్పున్న దానిక్రింద మనుష్యులు నిలుచుందురు. కావున ఇతడు మొదట గనిలో పనిచేసి, గని మేనేజరు పరీక్షకు చదివి, పిమ్మట పరిశోధనకు పోయి, ఆచార్యుడైన తరువాతను తల దీపము కట్టుకొని క్రిందికి దిగుచునే యుండవలెను. ఈ రంగమున జగత్ప్రసిద్ధుడైన ఎవర్ట్ హూక్ దక్షిణాఫ్రికా లోతుగనుల స్ఫోటసమస్యలతో మొదలుపెట్టి, లండను ఇంపీరియల్ కాలేజిలో ఆచార్యుడై, దానిని విడిచి కెనడాలో సలహాదారుగా పనులమీదికి పోయి, మరల టొరాంటోలో ఆచార్యుడయ్యెను. పీఠమునకును పనిస్థలమునకును మధ్య ఇట్టి రాకపోకలు సంస్కృతాధ్యాపకులకు స్వప్నమునందైన లేవు.

మా తప్పు నొకటి ఇచ్చట ఒప్పుకొనవలెను. మేము ఉద్యోగములో నున్న కాలమున మన సంఘము బాలుడొకడు, గణితమున చుఱుకైనవాడు, గనుల ఇంజనీరింగు చదువుదునని మా యొద్దకు వచ్చెను. కొత్తగూడెములో గనుల విద్యాలయము 1970ల దశకములోనే ఏర్పడియున్నది. సీటు వచ్చు నాశయు నతనికి కలదు. తల్లిదండ్రులు ఏడ్చుచు మాతో చెప్పింపవచ్చిరి. మేము చిన్నవ్వ కథ చెప్పి, "మన వారొకరు పోయినది చాలును" అంటిమి. అతడు మా మాట విని బ్యాంకు పరీక్షకు చదివెను. నేడు సుఖముగ నున్నాడు. ఈ మహాసభకును చందా నిచ్చినాడు. మేము చెప్పినది ప్రేమతో చెప్పితిమి. కాని చిన్నతాతవంటివారు మఱియొకరు పోకుండుటకు చదువవలసిన చదువు అదియే యని మా కానాడు తోచలేదు. సంఘ విద్యానిధి నియమావళిలో వైద్యము, న్యాయము, ఇంజనీరింగు అని యున్నవి. ఇంజనీరింగు క్రింద గనుల విద్యయు చేరునా యని గత సంవత్సర మొక దరఖాస్తుపై సందేహము వచ్చి వాయిదా పడినదని వింటిమి. దాతలు ఈ సంవత్సరము దానిని తేల్చిన బాగుండును.

కోలారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. నూటయిరువది సంవత్సరములలో సుమారు 800 టన్నుల బంగారము ఇచ్చినవని అంచనా. ఆ బంగారుశిలయే దక్షిణముగ సాగి మన చిత్తూరు జిల్లా కుప్పము ప్రాంతమున చిగరుగుంట, బిసానత్తములలో పైకి కనబడును. అచ్చటను ఆ సంస్థవారు గనులు నడపి, ఆ కాలముననే నిలిపిరి. నీరు తోడుట మానినందున కోలారు లోతులు నిండినవి. మనుష్యులు లేకున్నను భూమి దగ్గుట మానలేదు. నీరు నిండుచున్న పాతగనుల ప్రకంపనములను శిలాయాంత్రిక సంస్థవారు గని మూతపడిన తరువాతను పరికరములతో విని వ్రాసికొనిరి.

స్ఫోటములకు తేదీలు కలవు, చోట్లు కలవు, తీవ్రతలు కలవు. వానిక్రింద నున్నవారిలో మన ప్రాంతమునుండి పోయినవారి పేరులు ఒక్కచోట లేవు. చిన్నతాత పోయిన సంవత్సరము మాకే నిశ్చయముగ తెలియదు. ఆ తంతికాగితమును చిన్నవ్వ బియ్యపుకుండలో దాచెను, చెదలు తినెను. పాకాల, దామలచెఱువు, చంద్రగిరి, పూతలపట్టు వైపుల యిండ్లలో కోలారునుండి వచ్చిన తంతులు, ఉత్తరములు, మనియార్డరు రసీదులు, గనిలో దిగునపుడిచ్చు ఇత్తడి బిళ్ళలు, ఛాయాపటములు ఏవైన మిగిలియున్న, కులభేదము పాటింపక ఏ యింటివైనను సరే, నకలు తీసికొని మూలము తిరిగి యిచ్చుటకు సంఘ కార్యాలయమువా రంగీకరించినారు. ఊరిపేరు, మనిషిపేరు, తెలిసినంతవఱకు పోయిన సంవత్సరము ఒక కాగితముపై వ్రాసి జతపఱచిన చాలును. వచ్చిన పేరులను వచ్చు సంవత్సరపు సంచికలో అకారాదిగ ముద్రింతుము.